గింజ గుణమా? నేల బలమా?



మన భూపాలపల్లి గనుల్లో బొగ్గు తవ్వుతున్నారు. ఆ బొగ్గుతో చెల్పూరులో కరెంటు తయారవుతోంది. కానీ బొగ్గు ఒకనాటికి అయిపోయేదే. అందుకే ఏటేటా మళ్లీ పెరిగే గడ్డిజాతి పంటల నుంచి ఇంధనం తీయాలని శాస్త్రవేత్తలు కృషి చేస్తున్నారు. అలాంటి పంటల్లో మనకు బాగా దగ్గరిది తీపి జొన్న. దాని కంకి మనకు తిండి, పిప్పి పశువులకు మేత, కాండంలోని రసం ఇథనాల్‌కు ముడిసరుకు. చెరకు కన్నా తక్కువ నీటితో, సుమారు నాలుగు నెలల్లో కోతకొస్తుంది. 2007లో సంగారెడ్డి ప్రాంతంలో తీపి జొన్న నుంచి ఇథనాల్ తీసే కర్మాగారం కూడా మొదలైంది. కానీ ఎక్కువ కాలం నిలవలేదు.

మరి ఏ జొన్న మేలైనది? 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ జన్యు నిధిలో సుమారు 40 వేల జొన్న నమూనాలు ఉన్నాయి. ఎత్తులో, రసంలో, తీపిలో వాటి మధ్య ఎంతో తేడా. ఈ వైవిధ్యమే కొత్త వంగడాలకు పెట్టుబడి.

అయితే చేనులో ఏపుగా పెరిగిన మొక్కను చూసి 'ఇదే మంచి విత్తనం' అనడానికి వీల్లేదు. అది పెంట ఎరువు ఎక్కువ పడ్డచోట మొలిచి ఉండవచ్చు. అందుకే ఒక్కో రకాన్ని ఎన్నో మళ్లలో, ఎన్నో ఊళ్లలో వేసి చూస్తారు. మొక్కల మధ్య కనిపించే తేడాలో జన్యువుల వాటా ఎంతో లెక్క కడతారు. దీన్నే అనువంశికత అంటారు. ఇది 0 నుంచి 1 వరకు ఉంటుంది. పూతకు వచ్చే రోజుల విషయంలో సాధారణంగా ఎక్కువగా, దిగుబడి విషయంలో తక్కువగా ఉంటుంది. ఎందుకంటే దిగుబడిని ఎన్నో జన్యువులతో పాటు వాన, ఎరువు, పురుగు కూడా నిర్ణయిస్తాయి.

ఇంకో ముఖ్య విషయం. ఒకే సంచిలోని కలగలుపు విత్తనాన్ని సగం రేగడిలో, సగం చెల్కలో చల్లామనుకోండి. ఒకే చేనులోని మొక్కల మధ్య తేడా విత్తనం వల్ల రావచ్చు. కానీ రెండు చేల సగటు దిగుబడిలో తేడా మాత్రం నేలదే!

ఇదంతా మనకెందుకంటారా? 'చదువు వాళ్ల రక్తంలోనే లేదు' అనే మాట మనలో చాలామంది విన్నదే. ఇంటినిండా పుస్తకాలు, ట్యూషన్లు ఉన్న పిల్లల మార్కులను, పత్తి ఏరే రోజుల్లో బడి మానే పిల్లల మార్కులతో పోల్చి పుట్టుకను నిందించడం శాస్త్రం కాదు. అది చెల్కలో జొన్నను రేగడి జొన్నతో తూచడమే.

కాబట్టి మన హాస్టళ్లకు కావలసింది జాలి కాదు. గ్రంథాలయం, ప్రయోగశాల, కడుపునిండా తిండి, సందేహం తీర్చే ఉపాధ్యాయుడు కావాలి. ముందు మడి చదును చేయండి. ఆ తర్వాత గింజ గురించి మాట్లాడండి!