స్త్రీవాదమున రెండు తరములు

పూర్వపు స్త్రీవాదు లెల్లరు నొక్క గొంతుతో న్యాయ మడిగిరనియు, నేటి పడుచులు చేతిఫోనులు పట్టుకొని కులమతముల పేర నా గొంతును ముక్కలు చేయుచున్నారనియు మన పఠనమందిరములలో పెద్దలు వగచుచున్నారు. ఈ వగపునకు చరిత్రమున నాధారము లేదు.

1993లో ఓల్గా సంపాదకత్వమున 'నీలిమేఘాలు' వెలువడెను. ఆ కవిత్వమును నాడు బూతని యీసడించినవారే నేడు దాని గాంభీర్యమును మెచ్చుకొనుట వింత! అది యటుండనిండు. ఆ సంపుటమునకు ముందే, 1985లో కారంచేటిలో మాదిగలు, 1991లో చుండూరులో మాలలు హతులైరి. ఇంటిలో మగని దెబ్బ యొకటి, పొలములో ఆసామి దెబ్బ యొకటి. రెండవదానిని గూర్చి యగ్రకుల స్త్రీ నోరు విప్పునా యని దళిత స్త్రీలు ప్రశ్నించిరి. 2003లో గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు' వారి వ్రాతలకు సాక్ష్యము. అప్పటికి ఫేసుబుక్కు పుట్టనే లేదు. పెద్దలు చీలిక యనుచున్నదానిని ఫోను తేలేదు, ఊరే తెచ్చినది.

జాతీయవాదులమగు మనకు భేదమును పేర్కొనుటయే యైక్యభంగముగా తోచుట కద్దు. వాడను ఊరి వెలుపల నుంచినవారిని విడిచి, వెలుపల నున్నామని చెప్పినవారిని దూషించుట యే జాతీయత?

ఫోను మార్చినది తీర్పు చెప్పు వేగమును. 2017 అక్టోబరులో, అమెరికాలో న్యాయశాస్త్రము చదువుచున్న యొకరు లైంగికవేధింపుల యారోపణ గల భారతీయ అధ్యాపకుల పట్టికను ఫేసుబుక్కున ప్రకటించిరి. విచారణ లేక పేర్లు వేయరాదని వెనుకటి తరపు స్త్రీవాదులు కొందఱు ప్రకటన చేసిరి. మీ విచారణసంఘములు మాకేమి యొరగబెట్టినవని చిన్నవారు తిరుగబడిరి. చిన్నవారి కోపము న్యాయమైనది. ఎదుటివాని సమాధానము వినకయే పేరు వేయు పద్ధతిని మాత్రము మేము సమర్థింపజాలము. ఐనను పదిమంది పనిచేయు ప్రతి కార్యాలయమున ఫిర్యాదుల సంఘ ముండవలెనని 2013 చట్టము శాసించినది. ఆ సంఘమును కాగితముపైననే యుంచినవారు పట్టికను నిందింప నర్హులు గారు.

ఇక మన ఆమడగూరు మాట. వాన నమ్మి వేరుసెనగ విత్తు ఈ సీమలో ఆడుదాని కొక కూలి, మగవాని కొక కూలి. ఆమె గోడు ఫోనులోని యే వాదమునకు నెక్కినది? 2019-20 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున ఇంటర్నెట్టు నొకమాఱైన వాడిన పురుషులు నూటికి 49 మంది. స్త్రీలు 21 మందియే. తాము వాడుకొను ఫోను గల స్త్రీలు సగమైనను లేరు. ఇంటి ఫోను మగవాని జేబులో నుండగా, ఫోను ఆడువారిని చెఱచుచున్నదని యరుగుమీద కూర్చుండి తీర్పు చెప్పుచున్నాము!

మన పఠనమందిరములలో స్త్రీలు కూర్చుండుటకు బల్ల యెన్నిచోట్ల నున్నది? ముందుగా సాయంకాలమున నొక గంట వారికై విడిచి, పత్రికయు ఫోనును వారి చేతికిత్తము. పిమ్మట వారు మనల నేమని తిట్టుదురో విందము.