సేవారంగం పెరిగింది, రైతుకు ఒరిగిందేమిటి?

దేశ ఆదాయంలో సగానికి పైగా సేవారంగం నుంచే వస్తోందని, అభివృద్ధి చెందిన దేశాల బాటలో మనమూ నడుస్తున్నామని పాలకులు గొప్పగా చెబుతున్నారు. వ్యవసాయం వాటా తగ్గడమే అభివృద్ధికి గుర్తని కొందరు ఆర్థికవేత్తలు వంత పాడుతున్నారు. ఈ మాటలను ఆధారం చేసుకునే వ్యవసాయానికి నిధులు కోస్తున్నారు. కాబట్టి ఈ లెక్కేమిటో రైతులం మనం కూడా చూసుకోవాలి.

పొలంలో పండేది, పశువులు, చేపల మీద వచ్చేది వ్యవసాయం. ఫ్యాక్టరీల్లో తయారయ్యేది, గనుల్లో తవ్వేది, కట్టే ఇళ్లు, రోడ్లు పరిశ్రమ కిందకు వస్తాయి. మిగిలినవన్నీ సేవలే. వ్యాపారం, రవాణా, బ్యాంకులు, బీమా, చదువు, వైద్యం, హోటళ్లు, ప్రభుత్వ ఉద్యోగాలు, సాఫ్ట్‌వేర్ అన్నీ ఇందులోవే. మన ధాన్యం మోసే లారీ కిరాయి, మార్కెట్లో కోసుకునే కమీషన్, మనం కట్టే వడ్డీ కూడా ఈ పద్దులోనే పడతాయి.

ఒక్కో దేశం ఆదాయాన్ని 100 రూపాయలుగా, పనిచేసే జనాన్ని 100 మందిగా అనుకుని చూద్దాం. అమెరికాలో ఆ 100లో దాదాపు 80 రూపాయలు సేవలవి. పనిచేసేవారిలోనూ దాదాపు 80 మంది అక్కడే ఉన్నారు. వ్యవసాయం వాటా ఒక్క రూపాయి, దాని మీద ఉన్నది ఇద్దరికి లోపే. ఆ కొద్దిమందిని నిలబెట్టడానికి కూడా అక్కడి ప్రభుత్వం రాయితీలకు, పంటల బీమాకు ఏటా వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెడుతోంది. ఈ సంగతి మాత్రం మన పాలకులు చెప్పరు.

చైనా సంగతి మనకు మరీ ముఖ్యం. 1978లో అక్కడ 100 మందిలో 70 మంది పొలం పని మీదే బతికేవారు. ఇప్పుడు 25 మంది కూడా లేరు. వారిలో చాలామందికి ముందు గ్రామీణ పరిశ్రమల్లో, పట్టణాల ఫ్యాక్టరీల్లో పని దొరికింది. సేవారంగం వాటా సగం దాటింది 2015లోనే. నేడు సేవల వాటాలో చైనా, మనం ఇంచుమించు ఒకే చోట ఉన్నాం. కానీ మన దగ్గర 100లో 46 మంది ఇంకా సేద్యం మీదే ఉన్నారు.

ఆ 46 మంది పంచుకునేది సుమారు 18 రూపాయలు. సేవల్లో ఉన్న 30 మంది పంచుకునేది 55 రూపాయలు. అంటే తలకు ఇక్కడ 39 పైసలు, అక్కడ 1 రూపాయి 83 పైసలు. నాలుగున్నర రెట్లకు పైగా తేడా! ఆదాయం పొలం దాటి పోయింది, మనుషులు పొలంలోనే మిగిలిపోయారు.

పైగా కొన్నేళ్లుగా ఈ బండి వెనక్కి నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వ శ్రామికశక్తి సర్వే ప్రకారమే 2018-19లో వ్యవసాయం మీద ఉన్నవారు 42.5 శాతం. లాక్‌డౌన్ వచ్చిన 2019-20లో 45.6 శాతానికి పెరిగారు. 2023-24లోనూ 46.1 శాతం ఉన్నారు. పట్నం తరిమేస్తే ఆదుకున్నది పల్లె. అలా వచ్చినవారితో ఉన్న ఎకరాన్నే ఇంకొకరు పంచుకోవలసి వచ్చింది.

సేవారంగంలో చేరినవారందరి బతుకూ బాగుందా అంటే అదీ లేదు. సాఫ్ట్‌వేర్, దాని అనుబంధ కంపెనీల్లో ఉన్నది దేశం మొత్తం మీద 50 లక్షల పైచిలుకు. దేశంలో పనిచేసే 100 మందిలో ఒక్కరు కూడా కాదు. మిగిలినవారిలో ఎక్కువమంది దుకాణాల్లో గుమాస్తాలు, ఆటో డ్రైవర్లు, వాచ్‌మన్లు, బండి మీద పార్సిళ్లు అందించే కుర్రాళ్లు. వాళ్లలో మన పిల్లలే ఎక్కువ. తెలంగాణ ఆదాయంలో దాదాపు మూడింట రెండు వంతులు సేవలదే అయినా, అందులో అధిక భాగం హైదరాబాద్ చుట్టూనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆక్వాతో కలిపి వ్యవసాయం వాటా ఇప్పటికీ మూడో వంతు. అలాంటి రాష్ట్రంలోనూ సాగు ఖర్చులు రాక రైతు అప్పులపాలవుతున్నాడు.

మరి మన పంట విలువ ఎక్కడికి పోతోంది? 2024లో రిజర్వ్ బ్యాంకు పరిశోధకులు లెక్క కట్టారు. వినియోగదారుడు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు దక్కేది 33 పైసలు, ఉల్లికి 36, బంగాళాదుంపకు 37 పైసలు. మిగతాది రవాణా, నిల్వ, టోకు, చిల్లర వ్యాపారాల చేతుల్లోకి పోతోంది. అమెరికాలో తిండి మీద ఖర్చయ్యే డాలరులో రైతుకు చేరేది 15 సెంట్లే. సొమ్మొకడిది, సోకొకడిది. సేవారంగం లెక్కల్లో ఉబ్బిన దానిలో మన చెమట కూడా ఉంది.

ఆ సేవలు రైతుల చేతిలోనే ఉంటే ఏమవుతుందో గుజరాత్ పాల సహకార సంఘాలు చూపించాయి. పాల సేకరణ, శీతలీకరణ, రవాణా, అమ్మకం అన్నీ 1946 నుంచి రైతుల సంఘాలే నడుపుకుంటున్నాయి. అందుకే వినియోగదారుడి రూపాయిలో మూడింట రెండు వంతులకు పైగా పాడి రైతుకు చేరుతోంది. అంత దూరం పోనక్కరలేదు. 1956లో పుట్టిన ముల్కనూర్ సహకార సంఘం అప్పు ఇవ్వడంతో ఆగకుండా ధాన్యం మిల్లు, పత్తి జిన్నింగు, విత్తన శుద్ధి వరకు తన సభ్యుల కోసం నడిపింది.

సేవారంగం పెరగడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. ఆ పెరుగుదలలో పల్లెకు వాటా కావాలంటున్నాం. ప్రతి మండలంలో రైతు సంఘాల యాజమాన్యంలో గోదాములు, శీతల గిడ్డంగులు, శుద్ధి కేంద్రాలు పెట్టాలి. సహకార సంఘాలకు క్రమం తప్పకుండా ఎన్నికలు జరపాలి, కౌలు రైతులకు అందులో సభ్యత్వం, అప్పు ఇవ్వాలి. మద్దతు ధరకు చట్టబద్ధత కల్పించాలి. పట్నంలో బండి నడిపే మన పిల్లలకు కనీస వేతనం, ప్రమాద బీమా అమలు చేయాలి.

ఇకపై ఏ మంత్రి అయినా, ఏ అధికారి అయినా సేవారంగం వాటా ఇంత పెరిగిందని మన సభల్లో చెబితే ఒక్కటే అడుగుదాం: ఆ వాటాలో ఎంతమందికి పని దొరికింది, అందులో మా పంట మీద వచ్చిందెంత, మాకు తిరిగి వచ్చిందెంత? దీనికి జవాబు వచ్చేదాకా ఊరూరా సంఘాన్ని బలపరుచుకుందాం.