తీపి మీద నింద

మధుమేహాన్ని తెలుగువారు చక్కెర వ్యాధి అంటారు. ఈ పేరు వలన కలిగిన మేలు కంటే కీడే అధికం. చక్కెర లేని కాఫీ తాగి, ఆ ధైర్యంతో మధ్యాహ్నం మారు అన్నం మీద మారు అన్నం వడ్డించుకొనేవారు నెల్లూరు తీరంలో కొల్లలు. మొలగొలుకుల రుచి ఎరిగిన సీమ అది. చేపల పులుసు తోడైతే అన్నానికి లెక్క ఉండదు. దోషమంతా తీపిదేనని నమ్మినవారికి, పాలిష్ పట్టిన బియ్యం కూడా కడుపులో గ్లూకోజుగానే మారుతుందన్న ఊహ కలగదు.

రక్తంలోని గ్లూకోజును కండరాలకు అందించడానికి క్లోమం ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. మధుమేహమంటే ఈ ఇన్సులిన్ కొరతయేనని వైద్యలోకం చాలకాలం భావించింది. అయితే కొందరు రోగులలో ఇన్సులిన్ ఇచ్చినా శరీరం దానిని అంతగా లెక్కచేయడం లేదని 1936లో లండన్ వైద్యుడు హిమ్స్‌వర్త్ చూపాడు. తలుపు తట్టేవాడున్నా లోపలివారు వినిపించుకోని స్థితి ఇది. దీనినే ఇన్సులిన్ నిరోధకత అంటారు. కణాలు వినకపోయేకొద్దీ క్లోమం మరింత ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. ఏండ్ల తరబడి అట్లా శ్రమించి అది అలసిన నాడు రక్తంలో చక్కెర పెరుగుతుంది. కనుక పరీక్షలో బయటపడే నాటికే వ్యాధి పాతబడి ఉంటుంది.

కణాలకు ఈ చెవుడు ఎందుకు వస్తుంది? 1993లో హోటమిస్లిగిల్ ప్రభృతులు స్థూలకాయపు ఎలుకలను పరిశీలించారు. వాటి కొవ్వులో టి.ఎన్.ఎఫ్. ఆల్ఫా అనే శోథకారక పదార్థం అధికంగా పుడుతున్నదని, దానిని అడ్డగిస్తే ఇన్సులిన్ మరల మెరుగుగా పనిచేస్తున్నదని కనుగొన్నారు. గాయానికి వచ్చే వాపు నాలుగు రోజులలో తగ్గుతుంది. పొట్ట లోపలి కొవ్వు రేపే శోథ మాత్రం నివురుగప్పిన నిప్పు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. ఇన్సులిన్ సందేశం కణంలో దారి తప్పుతుంది, అంతే. వంశపారంపర్యానికీ, కాలేయంలో పేరుకొనే కొవ్వుకూ కూడా ఇందులో భాగమున్నది.

సన్నగా ఉన్నవారు తమకు భయం లేదనుకోవడం మరొక భ్రమ. 2004లో పుణే వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ దేహాలనే లాన్సెట్ పత్రికలో ఉదాహరణగా చూపారు. ఎత్తు బరువుల సూచిక ఇద్దరికీ 22.3 మాత్రమే. కానీ శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

నెల్లూరు తీరంలో మడక పట్టిన చేతులు నేడు ట్రాక్టరు నడుపుతున్నాయి. తెడ్డు వేసిన పడవలకు మోటార్లు వచ్చాయి. 1990 దశకం నుంచి విస్తరించిన రొయ్యల చెరువుల గట్ల మీద ఏరియేటర్లకు కాపలాగా రాత్రులు కూర్చొనే బ్రతుకులు ఎన్నో. కష్టం తగ్గినా పళ్లెంలో అన్నం మాత్రం తగ్గలేదు. ఇందుకు ఆ శ్రమజీవులను నిందించడం అన్యాయం. వారికి ఈ సంగతి చెప్పినవారెవరు? పనిచేసే కండరం ఇన్సులిన్ పిలుపు లేకుండానే గ్లూకోజును గ్రహించగలదని ప్రతి పల్లెకూ తెలియాలి. రక్తపరీక్ష కంటే ముందే ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఒక కొలత టేపు నడుము చుట్టూ తిరగాలి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే, నాలుకకు తీపి తగిలినా తగలకున్నా, ఆ మాట వారికి అప్పుడే చెప్పాలి.