కాపలా కెమెరాకు ఛార్జి ఎందుకు నిలవదు?



మన ఇళ్ళ వీధి గుమ్మాల మీద ఈమధ్య ఒక కొత్త కాపలాదారు కనిపిస్తున్నాడు. గుప్పెడంత తెల్ల డబ్బా, దాని మధ్య నల్లటి కన్ను. తీగ లాగే పని లేదు. లోపల బ్యాటరీ ఉంటుంది, చూసినదాన్ని ఇంట్లోని వైఫై ద్వారా ఫోనుకు పంపుతుంది. పిల్లలు పూణేలోనో అమెరికాలోనో ఉండి, పెద్దవాళ్ళు బరంపురంలోనో హోసూరులోనో యానాంలోనో ఉంటున్న కుటుంబాలలో, సెలవులకు వచ్చిన పిల్లలే దీన్ని కొని, గుమ్మం పైన బిగించి వెళుతున్నారు.

నెల తిరక్కుండానే ఫిర్యాదు మొదలవుతుంది. డబ్బా మీద ఆరు నెలలని రాసి ఉంటే, పట్టుమని పది రోజులు కూడా ఛార్జి నిలవడం లేదని. ఇందులో డబ్బు నష్టం కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఎత్తున బిగించిన కెమెరాను దించి ఛార్జింగ్ పెట్టవలసింది ఎవరు? డెబ్బై ఏళ్ళ నాన్నగారో, మోకాళ్ళ నొప్పులున్న అమ్మో. దొంగ వస్తాడో రాడో తెలియదు కానీ, పది రోజులకోసారి స్టూలెక్కితే ఏదో ఒకనాడు కాలు జారే ప్రమాదం మాత్రం నిజం. కనుక బ్యాటరీ సంగతి చిన్న విషయమని వదిలేయడానికి లేదు. ఈసారి దాని లెక్క చూద్దాం.

ముందుగా ఒక విషయం. ఈ కెమెరా రాత్రింబవళ్ళు కళ్ళు తెరుచుకుని ఉండదు. చాలా భాగం నిద్రలోనే ఉంటుంది. వేడిని పసిగట్టే ఒక చిన్న సెన్సర్ మాత్రం మేలుకుని ఉంటుంది. మనిషి, కుక్క, ఆవు, బండి, ఇలా చుట్టూ ఉన్నదానికంటే వేడిలో తేడా ఉన్నదేదైనా ఎదుట కదిలితే అది కెమెరాను లేపుతుంది. అప్పుడు కెమెరా చిత్రం తీసి, వైఫైని పిలిచి, పంపి, మళ్ళీ పడుకుంటుంది. నిద్రలో దాని ఖర్చు దాదాపు శూన్యం. మేలుకుంటే ఖర్చు కొన్ని వందల రెట్లు. ఛార్జి ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది బ్యాటరీ సైజు కంటే, రోజుకు ఎన్నిసార్లు లేపుతున్నామన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

లెక్క వేసి చూద్దాం. బ్యాటరీ 5,000 మిల్లీ ఆంపియర్ అవర్లు, 3.7 వోల్టులు అనుకోండి. అందులో ఉన్న శక్తి 18.5 వాట్ అవర్లు. నిద్రలో ఖర్చు 5 మిల్లీవాట్లు, మేలుకున్నప్పుడు 1.5 వాట్లు అనుకుందాం. కెమెరాను బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, సూత్రం మాత్రం మారదు. రోజుకు 10 సార్లు, సారికి 20 సెకన్లు మేలుకుంటే, నిద్ర ఖర్చుతో కలిపి రోజుకు 0.2 వాట్ అవర్లు. అంటే 90 రోజులు వస్తుంది. అదే కెమెరా వీధివైపు తిరిగి ఉండి, వచ్చే పోయే ప్రతి స్కూటరుకూ కలిపి రోజుకు 200 సార్లు మేలుకుంటే ఖర్చు 1.8 వాట్ అవర్లు. అంటే పది రోజులు! బ్యాటరీ అదే, కెమెరా అదే. తిప్పిన దిక్కు మాత్రం వేరు.

ఇంకొక లెక్క కూడా ఉంది. దూరాన ఉన్న పిల్లలు బెంగ కొద్దీ రోజూ ఒక గంటసేపు ఫోనులో ఇంటి గుమ్మాన్ని లైవ్‌గా చూస్తారనుకోండి. ఆ గంటకు 1.5 వాట్ అవర్లు. అంటే వారం రోజుల మామూలు ఖర్చు ఒక్క గంటలో పోయిందన్నమాట. 90 రోజులు రావలసిన ఛార్జి 11 రోజులకే అయిపోతుంది. అమ్మ క్షేమం కోసం చూసిన చూపే అమ్మను స్టూలెక్కిస్తోంది. ఇది పిల్లలను తప్పుపట్టడానికి రాస్తున్నది కాదు. వాళ్ళకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు, అంతే. గంటసేపు గుమ్మం చూసేకంటే పది నిమిషాలు ఫోను చేసి మాట్లాడితే అమ్మకూ మంచిది, బ్యాటరీకీ మంచిది.

మరి జబ్బు ఎక్కడుందో కనిపెట్టడం ఎలా? ఒక నోటు పుస్తకం, మూడు రోజుల ఓపిక చాలు. మొదటి రోజు ఏమీ మార్చకండి. ఉదయం ఏడింటికి యాప్‌లో బ్యాటరీ ఎంత శాతం ఉందో, మర్నాడు ఏడింటికి ఎంత ఉందో, మధ్యలో ఎన్ని క్లిప్పులు వచ్చాయో రాసుకోండి. రెండో రోజు కదలిక పసిగట్టే ఏర్పాటును ఆపేసి చూడండి. ఆ రోజు లైవ్ కూడా తెరవకండి. ఖర్చు బాగా తగ్గిపోయిందా? అయితే కెమెరా అనవసరంగా మేలుకుంటోందన్నమాట. తగ్గలేదా? అప్పుడు లోపం వైఫైలోనో బ్యాటరీలోనో ఉంది. మూడో రోజు కెమెరాను దించి, రౌటర్ ఉన్న గదిలోనే పెట్టి, అదే విధంగా చూడండి. ఇప్పుడు తగ్గితే దోషం వైఫైది. ఇక్కడా తగ్గకపోతే బ్యాటరీనీ కెమెరానూ అనుమానించవచ్చు. ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి. అన్నీ కలిపి మారిస్తే ఏ మందు పనిచేసిందో తెలియదు.

అనవసరంగా మేలుకోవడానికి కారణాలు ఎదుటే ఉంటాయి. వీధి, ఎండలో కాగిన గోడ ముందు ఊగే కొమ్మ, ఏసీ బయటి పెట్టె, గేటు ముందు పడుకునే కుక్కలు. ఆషాఢపు గాలులు మొదలయ్యేసరికి గుమ్మం ముందున్న నందివర్ధనం చెట్టు ఒక్కటే రోజుకు యాభైసార్లు కెమెరాను లేపగలదు. కెమెరాను ఏడెనిమిది అడుగుల ఎత్తున, కొంచెం కిందకు వంచి, వీధి కాకుండా మన వాకిలి మాత్రమే కనపడేలా తిప్పండి. ఈ సెన్సర్‌కు ఎదురుగా నడిచి వచ్చే మనిషి కంటే అడ్డంగా దాటే మనిషి త్వరగా తెలుస్తాడు. అందుకని గేటు నుంచి గుమ్మానికి వచ్చే దారిని పక్క నుంచి చూసేలా బిగించడం మేలు. యాప్‌లో ఎంతమేర గమనించాలో గీత గీసే వీలుంటే వీధి భాగాన్ని తీసేయండి.

ఇందులో ఇంకో మర్యాద కూడా ఉంది. ఎదురింటివాళ్ళ గుమ్మం మన కెమెరాలో పడకూడదు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకాంతాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వ్యాజ్యం వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి విరమించినవారు. తరాలుగా కలిసిమెలిసి ఉంటున్న కన్నడిగ, తమిళ, ఒడియా, మరాఠీ ఇరుగుపొరుగులతో ఒక కెమెరా మూలంగా మనస్పర్థ ఎందుకు? పొరుగువారిని చూడని కెమెరా ఛార్జి కూడా ఆదా చేస్తుంది.

వేసవిలో ఇంకొక తిరకాసు ఉంది. షోలాపూరు, బళ్ళారి వంటి ఊళ్ళలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు గోడలూ నేలా మనిషి ఒంటి వేడికి దగ్గరగా వస్తాయి. తేడా తగ్గేసరికి సెన్సర్‌కు మనిషి సరిగా ఆనడు. కెమెరా పనిచేయడం లేదనుకుని మనం దాని సున్నితత్వం పెంచుతాం. సాయంత్రం చల్లబడ్డాక అదే సెన్సర్ పిల్లికీ పిట్టకీ లేస్తుంది. కాలాన్ని బట్టి దాన్ని మార్చుకోవడం మరచిపోకండి.

రాత్రిపూట కెమెరా తన సొంత దీపం వేసుకుంటుంది. కంటికి సరిగా కనపడని పరారుణ దీపాలు అవి. కొన్నిటికి తెల్ల దీపం కూడా ఉంటుంది. అది మరీ ఖర్చు. వసారాలో ఇంటి కరెంటు మీద 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి వెలిగించి ఉంచితే చాలా కెమెరాలకు ఈ ఖర్చు తగ్గుతుంది. బల్బు కెమెరా పక్కనే ఉండకూడదు, పురుగులు చేరతాయి. వాటి కోసం సాలీడు వచ్చి గూడు అల్లుతుంది. నెలకోసారి పొడవాటి కర్రకు మెత్తటి గుడ్డ చుట్టి కింద నుంచే కన్ను తుడవండి.

ఇక వైఫై సంగతి. మన పాత ఇళ్ళ గోడలు మందం. రౌటర్ వెనక గదిలో, కెమెరా వీధి గుమ్మం మీద ఉంటే సంకేతం నీరసించిపోతుంది. ఒక్కసారి చెప్పి ఊరుకోవలసిన మాటను కెమెరా పదిసార్లు అరిచి చెప్పవలసి వస్తుంది. అదంతా బ్యాటరీ మీద భారమే. కెమెరా ఉన్న చోట నిలబడి మీ ఫోనులో వైఫై గీతలు చూడండి. ఒకటి, రెండు గీతలే ఉంటే రౌటర్‌ను ముందు హాలులోకి మార్చండి. రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులుంటే, కెమెరాకు 2.4 పెట్టండి. గోడలు దాటడంలో అదే మెరుగు.

కరెంటు పోతే కెమెరాకు బ్యాటరీ ఉంది సరే, రౌటర్‌కు ఏముంది? రౌటర్ ఆగిపోతే కెమెరా దాని కోసం మాటిమాటికీ వెతుకుతూ ఛార్జి కాల్చుకుంటుంది, ఫోనుకు వార్త మాత్రం అందదు. తుపాను రాత్రులు ఎరిగిన బరంపురం, యానాం వారికి ఇది మరీ ముఖ్యం. రౌటర్‌ను ఇన్వర్టర్ లైనులో కలపండి, లేదా రౌటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్ కొనండి. కెమెరాలో మెమరీ కార్డు పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి.

బ్యాటరీ విషయానికి వస్తే, ఇది లిథియం అయాన్ జాతిది. 1991లో సోనీ కంపెనీ తొలిసారి బజారులోకి తెచ్చింది. దీని వెనక ఉన్న పరిశోధనకు 2019లో గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్ గారి వయసు 97! సాధారణంగా ఈ బ్యాటరీ కొన్ని వందలసార్లు పూర్తిగా నింపి వాడాక గాని గట్టిగా నీరసపడదు. పది రోజులకోసారి ఛార్జి చేసినా ఏడాదికి 36 సార్లే కదా! కొన్న మొదటి ఏడాదిలోనే బ్యాటరీ పోయిందనుకోవడం చాలాసార్లు తొందరపాటు. దాని అసలు శత్రువు వేడి. పడమటి ఎండ సూటిగా పడే గోడ వద్దు, చూరు కింద నీడ వెతకండి.

అమెరికాలో మంచు పడే ఊళ్ళలో ఉన్న మనవాళ్ళది తిరగేసిన కథ. చలికి బ్యాటరీ బలం తాత్కాలికంగా తగ్గుతుంది. సున్నా డిగ్రీల కంటే దిగువన ఛార్జి చేస్తే లోపల దెబ్బ తింటుంది. అందుకే ఎండ కాస్తున్నా సోలార్ పలకతో ఛార్జి ఎక్కకపోవచ్చు. లోపలికి తెచ్చి, వెచ్చబడ్డాక పెట్టాలి.

మన దగ్గర సోలార్ పలక మంచి ఉపాయమే. దక్షిణం వైపు, చెట్టు నీడ పడకుండా పెట్టాలి. దుమ్మూ పిట్టల రెట్టా తుడవాలి. మద్రాసు వైపు కార్తీకంలో, మిగతా చోట్ల శ్రావణ భాద్రపదాలలో మబ్బు పట్టిన వారాలుంటాయి. ముందే నిండుగా ఛార్జి చేసి ఉంచుకోండి.

విడి సెల్లు మార్చే రకమైతే బజారులో జాగ్రత్త. 18650 అనే సెల్లు 18 మిల్లీమీటర్ల అడ్డకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. మంచి కంపెనీ సెల్లులో కూడా 3,500 మిల్లీ ఆంపియర్ అవర్లు దాటడం అరుదు. దాని మీద 9,800 అని రాసి ఉంటే ఆ రాత నమ్మకండి. బ్యాటరీ ఉబ్బితే వెంటనే వాడకం ఆపేయండి. పొడవవద్దు, చెత్తబుట్టలో పడేయవద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవాటి సేకరణ బాధ్యత ఉత్పత్తిదారులదే. ఈ-వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి.

ఇన్నీ చేసినా వీధివైపే చూడక తప్పని ఇల్లు కొన్నిటికి ఉంటుంది. అటువంటి చోట బ్యాటరీ కెమెరా పట్టుకుని వేలాడవద్దు. ఇన్వర్టర్ లైను మీద తీగ కెమెరా బిగించడమే సబబు.

చివరగా దూరాన ఉన్న పిల్లలకు ఒక మాట. ఊడదీసే బ్యాటరీ ఉన్న కెమెరా అయితే రెండో బ్యాటరీ కూడా కొనిపెట్టండి. మార్చే పని పక్కింటి కుర్రవాడికో, ఇంటికి వచ్చే ఎలక్ట్రీషియన్‌కో అప్పగించి, తారీఖు మీ ఫోనులో గుర్తు పెట్టుకోండి. పండక్కి వచ్చినప్పుడు పైన చెప్పిన మూడు రోజుల పరీక్ష మీరే చేయండి. మీ నోటు పుస్తకంలోని అంకెలు మాకు రాసి పంపితే, అందరికీ పనికి వచ్చేవాటిని వచ్చే సంచికలో ముచ్చటించుకుందాం. అంతవరకు అమ్మానాన్నలను మాత్రం స్టూలెక్కనివ్వకండి.