రంగూను పులుసు, చౌల్దారీ పొయ్యి

వర్షాకాలంలో చౌల్దారీకి తెల్లవారడం ఆలస్యమైనట్లే తోస్తుంది. పోకతోటల మీద మబ్బు దిగి ఉన్న వేళ వేడి పులుసు తప్ప మరొకటి మనసుకు రాదు. వియత్నాం చూసివచ్చిన మిత్రులు అక్కడి ‘ఫో’ను మెచ్చుకొంటారు. ఎముకలను గంటల తరబడి మరిగించి, అనాసపువ్వు, దాల్చినచెక్క వేసి, బియ్యపు సేమియాపై పోసే చారు అది. మాకు తెలిసినది దానికి దూరపు చుట్టమైన బర్మా మొహింగా.

మా మేనత్తగారు రంగూనులో జన్మించారు. అక్కడి తెలుగువారిని కోరంగి రేవు పేరిట ‘కోరంగీలు’ అనేవారు. 1962లో సైనిక పాలన వచ్చి, 1964 నాటికి వ్యాపారాలు జాతీయం కాగా, వేలాది కుటుంబాలతో పాటు ఆమె కూడా విశాఖ ఓడ ఎక్కారు. వెంట తెచ్చుకొన్నది ఒక ట్రంకుపెట్టె, ఈ వంట. కొన్నేళ్ళకు వంట మానివేశారు. కారకులము మేమే. ఊరవేసిన రొయ్యల ముద్ద ‘ఙపి’ వాసనకు ముక్కులు మూసుకొని వీధిలోకి పరుగెత్తి నవ్విన పిల్లలలో మేమూ ఉన్నాము.

ఈ ఏడు ఆమె మా వద్దకు వచ్చారు. అన్నం సహించడం లేదు. మా కార్యాలయంలో ఒక కరెన్ మిత్రుడున్నారు. ఆయన పెద్దలు 1925లో బర్మా నుంచి వచ్చి మాయాబందరు చెంత వెబీ గ్రామంలో స్థిరపడినవారు. ఆయన శ్రీమతి చెప్పిన పద్ధతి ఇది.

జెల్ల చేపను పసుపు, నిమ్మగడ్డితో ఉడికించి ముళ్ళు తీయాలి. ఉల్లి, అల్లం, వెల్లుల్లి, మిరప నూరి నూనెలో వేయించి, కొద్దిగా ఙపి, చేప కలిపి, ఉడికించిన నీరే పోయాలి. చిక్కదనానికి వేయించిన బియ్యపు పిండి గాని శనగపిండి గాని కలపాలి. ఇంజనీరునన్న ధీమాతో కొలత తప్పి రెండు మార్లు నీరు పోశాము! చివరగా అరటి దూట చక్రాలు. గెల కోసి పారవేసే చెట్టే చాలును. సేమియాపై పులుసు పోసి, గుడ్డు, నిమ్మరసం, కొత్తిమీర, కరకరలాడే పప్పు గారె ముక్కలు వేయాలి.

మేనత్తగారు రుచి చూశారు.

“దూట ఎక్కువ ఉడికిందిరా” అన్నారు.

క్షమాపణ కోసం ఉదయం నుంచి మాటలు కూర్చుకొన్నాము. “అత్తా, చిన్నప్పుడు మేము...” అని మొదలుపెట్టగానే గిన్నె ముందుకు జరిపారు.

“ఇంకొంచెం పొయ్యరా. చల్లారితే బాగుండదు.”