రౌతు తల ముందు, రంగుల జీను తర్వాత

'రౌతు కొద్దీ గుర్రం' అని సామెత. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఇప్పుడు ఆ రౌతు చాలావరకు ఆడమనిషే. సొంతంగా గుర్రాన్ని పెంచుకుని, దాణా పెట్టి, శాల ఊడ్చి, స్వారీ చేసేవాళ్లలో అక్కడ స్త్రీలే ఎక్కువ. వాళ్లకోసం దుకాణాల్లో పెట్టిన సరుకు చూస్తే మన పెళ్లి షాపింగ్ గుర్తొస్తుంది. జీను కింద పరిచే గుడ్డకూ, గుర్రం కాళ్ల పట్టీలకూ, అమ్మాయి చొక్కాకూ ఒకటే రంగు. గుర్రం నుదుటి పట్టీకి రాళ్ల తళుకులు. ముచ్చట పడితే తప్పేం లేదు. ఈ మ్యాచింగ్‌కి డబ్బు ధారపోసి, తల దగ్గరకొచ్చేసరికి ఎవరో వాడి వదిలేసిన హెల్మెట్‌తో సరిపెట్టుకోవడమే బాధ.

గుర్రం అంటే దాదాపు 500 కిలోల ప్రాణి. దానిమీద కూర్చున్న మనిషి తల నేలకు ఏడెనిమిది అడుగుల ఎత్తున ఉంటుంది. ఎంత సాధువైన గుర్రమైనా గాలికెగిరిన ప్లాస్టిక్ సంచిని చూసి బెదరొచ్చు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున పాల్గొన్న కోర్ట్నీ కింగ్-డై, 2010 మార్చిలో రోజూ చేసే సాధనలోనే, గుర్రం తడబడి కింద పడింది. ఆరోజు తలకు హెల్మెట్ లేదు. వారాల తరబడి కోమాలో ఉండి, నడకా మాటా మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆమెది డ్రెసాజ్, అంటే గుర్రం చేత లయగా అడుగులు వేయించే పోటీ. అందులో పొడవాటి నల్లటోపీ పెట్టుకోవడమే మర్యాద అనుకునేవారు. ఆ ప్రమాదం చాలామంది కళ్లు తెరిపించింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు చెందిన షార్లెట్ డుజార్డిన్ హెల్మెట్ పెట్టుకునే స్వర్ణం గెలిచింది. 2021 జనవరి నుంచి అంతర్జాతీయ పోటీల్లో డ్రెసాజ్ రౌతులందరికీ హెల్మెట్ తప్పనిసరి అయింది. అందం పోతుందని గొణిగినవాళ్లూ లేకపోలేదు!

సైకిల్ హెల్మెట్ దీనికి పనికిరాదు. స్వారీ కోసం పరీక్షించినదే కొనాలి. ఒకసారి దెబ్బ తగిలితే, పైకి నిక్షేపంలా కనిపించినా లోపలి నురుగు అణిగిపోయి ఉండొచ్చు. అందుకే సెకండ్ హ్యాండ్ వద్దనేది. జీను సంగతి వేరు, పాతదైనా గట్టిగా ఉండి గుర్రం వీపుకి కుదిరితే హాయిగా కొనుక్కోవచ్చు. పొడుగు జుట్టున్నవాళ్లు నడినెత్తిన ముడి వేస్తే హెల్మెట్ సరిగా కూర్చోదు. మెడ దగ్గర జడ వేసుకోవాలి.

తల తర్వాత పాదం. రికాబులోంచి పాదం అవతలికి జారకుండా ఆపేది బూటు మడమే. జారి ఇరుక్కుందా, గుర్రం ఈడ్చుకుపోతుంది. మనం ఫ్యాషన్ అనుకునే హైహీల్స్‌కి మూలం పర్షియా రౌతుల బూట్లేనంటే నమ్ముతారా? 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ స్త్రీలు పొడుగు గౌన్లతో, రెండు కాళ్లూ ఒకే పక్కన పెట్టుకుని స్వారీ చేసేవారు. పడినప్పుడు గౌను జీనుకు తగులుకుని ప్రాణం మీదికి వచ్చేది. దాంతో, పడితే విడిపోయే స్కర్టులు కుట్టించుకున్నారు. చీరకట్టుతో స్కూటర్ వెనక ఒకపక్కకి కూర్చునే మనకు ఇది విడమరచి చెప్పాలా? బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రానికి అడ్డు ఉండాలని మన మోటారు వాహనాల నియమాల్లో ఉంది. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలని చట్టం చెబుతోంది. అయినా ఆయన నెత్తిన హెల్మెట్, ఆవిడ నెత్తిన మల్లెపూలు... రోజూ చూస్తున్నదే.

శాలలో పనికొచ్చే వస్తువులు చాలావరకు చవకే. గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీసే చిన్న కొక్కెం లేకుండా ఏ గుర్రం ఆసామీ ఉండదు. గుర్రాన్ని గోడ కొక్కేనికి నేరుగా కట్టకుండా, మధ్యలో సన్నటి పురికొస ముడి వేస్తారు. బెదిరి లాగితే పురికొస తెగుతుంది, మెడకు దెబ్బ తగలదు. ఒక్క వస్తువుకి మాత్రం నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా తప్పులేదంటాను, లద్దె ఎత్తే పళ్లపారకి. గుర్రం రోజుకి ఇరవై కిలోల దాకా వేస్తుంది. అదంతా ఎత్తే భుజాలు ఎవరివి? అందుకే పార తేలికగా ఉండాలి, పిడి మన ఎత్తుకి సరిపోవాలి.

శాలలోంచి ఇంట్లోకి వచ్చినవీ ఉన్నాయి. గుర్రాల జూలు కోసం చేసిన 'మేన్ అండ్ టెయిల్' షాంపూను ఆసామీలు తమ జుట్టుకీ వాడటం మొదలుపెడితే, కంపెనీ మనుషులకీ అమ్మసాగింది. ఆవుల పొదుగులకు రాసే 'బ్యాగ్ బామ్' అనే లేపనం 1899 నుంచి అమెరికాలో ఉంది. చలికాలం చేతులు పగిలితే ఆడవాళ్లు అదే రాసుకుంటారు.

ఇక ప్యాంట్లు. జోధ్‌పూర్ పేరుతోనే ప్రపంచమంతా తిరిగిన మన స్వారీ ప్యాంటుకి ఈమధ్య తొడ పక్కన లోతైన జేబు పెడుతున్నారు, సెల్‌ఫోన్ పట్టేలా. ఆడవాళ్ల బట్టలకి జేబెందుకనే దర్జీలు గమనించాలి. ఫోన్‌ను జీను సంచిలో పెట్టారనుకోండి, మనం కిందపడగానే గుర్రం దాన్ని తీసుకునే పారిపోతుంది. సాయం కోసం పిలవడానికి అది మన ఒంటిమీదే ఉండాలి.