కోటిపల్లి పట్టాల మీద రైలేదీ?

కార్తీక సోమవారం ద్రాక్షారామ సెంటర్లో నిలబడి చూస్తే కడుపు రగిలిపోయింది. ముగ్గురు కూర్చోవాల్సిన ఆటోలో పదిమంది. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు. వెనక కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఇద్దరు కుర్రాళ్లు. లోపల ఆడవాళ్ల ఒళ్లో పిల్లలు, పిల్లల ఒళ్లో తడిబట్టల సంచులు. తెల్లవారుజామునే కోటిపల్లి రేవులో మునిగి, సోమేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని, భీమేశ్వరుణ్ణి చూసుకుని ఇళ్లకు పోతున్న జనం వాళ్లంతా. కోటిపల్లికి స్టేషనుంది, ప్లాట్‌ఫారం ఉంది, కాకినాడ దాకా పట్టాలున్నాయి. రైలే లేదు.

కాకినాడ-కోటిపల్లి లైను 1928లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని 1940లో తెల్లదొరలు పట్టాలు ఊడబీకి పట్టుకుపోయారు. వాటిని తిరిగి వేయడానికి 2004 దాకా పట్టింది. అదైనా అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పట్టుబట్టబట్టే జరిగింది. పాపం, ఆయన 2002లోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. కళ్లారా చూసుకునే భాగ్యం లేకపోయింది. ఆ పట్టాల మీద తిరిగిన రైలుబస్సు కోవిడ్ రోజుల్లో, 2020లో ఆగింది. దేశమంతా రైళ్లు మళ్లీ కదిలాయి. ఇది మాత్రం ఏళ్లు గడిచినా కదల్లేదు. అప్పుడొక పన్నెండేళ్లు, ఇప్పుడొక పదహారేళ్లు. దాదాపు నూరేళ్ల చరిత్రలో ఈ ఊళ్లు రైలు చూసింది మొత్తం ఇరవై ఎనిమిదేళ్లు.

ఒకే పెట్టె బండి అది. రోజుకోసారి వెళ్లి వచ్చేది. గేటు దగ్గర ఆగితే సిబ్బందిలో ఒకరు దిగి గేటు వేసేవారు. బండి దాటాక తీసి, మళ్లీ ఎక్కేవారు. చూసినవాళ్లు నవ్వుకున్నారు గానీ ఎక్కినవాళ్లకు అది సొంత బండి. కరప, రామచంద్రపురం, ద్రాక్షారామ మీదుగా వరిచేలను ఒరుసుకుంటూ పోయేది. కాకినాడ పెద్దాసుపత్రికి చూపించుకోవడానికి వెళ్లే ముసలాళ్లు, మనవల్ని చూడ్డానికి బయల్దేరిన అమ్మమ్మలు, గంపలతో ఎక్కే ఆడవాళ్లు ఎదురెదురు సీట్లలో కూర్చుని ఊరి కబుర్లన్నీ తేల్చుకునేవారు. రైలు ఊరి జనాన్ని కలపడమంటే అదే.

దాన్ని ఆదాయం లేదన్న ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. రోజుకొక్క ట్రిప్పు, అదీ కాలేజీ పిల్లలకూ ఆఫీసువాళ్లకూ కుదరని వేళలో వేస్తే ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తుంది? పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా కాకినాడలో దింపి, సాయంత్రం ఆరింటికి వెనక్కి తెచ్చే బండి వేసి చూసి అప్పుడు చెప్పండి లెక్క. కోవిడ్ తర్వాత పాసింజర్లకు ఎక్స్‌ప్రెస్ ముద్ర వేసి పది రూపాయల కనీస టికెట్టును ముప్పై చేశారు. దాన్ని దించడానికి 2024 దాకా ఆగారు. చిన్న స్టేషన్లో ఎక్కే కూలీమనిషి దగ్గర ఆ ఇరవై రూపాయలు లాగినవాళ్లకు వందే భారత్‌కు పూలదండలు వేయడానికి మాత్రం చేతులు వచ్చాయి.

2022లో జిల్లాలు విడదీసినప్పుడు రామచంద్రపురాన్ని కోనసీమలో కలిపారు. కలెక్టరాఫీసు అమలాపురంలో, మధ్యలో గోదావరి పాయ గౌతమి. అర్జీ ఇవ్వాలంటే ఎదుర్లంక వంతెన మీదుగానో రావులపాలెం మీదుగానో చుట్టు తిరిగిపోవాలి. లేదా కోటిపల్లిలో పంటు ఎక్కి ముక్తేశ్వరం రేవులో దిగాలి. జిల్లా మార్చడానికి ఒక్క జీవో చాలింది. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం పోవాల్సిన 57 కిలోమీటర్ల లైను మాత్రం 2000-01లో మంజూరై పాతికేళ్లుగా సాగుతూనే ఉంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలు దాటాలి. కష్టమే, కాదనను. కానీ 1897లో మొదలుపెట్టిన హేవలాక్ వంతెన మీద 1900 నాటికి రైలు గోదావరి దాటింది. ఇక్కడ నదిలో స్తంభాలు లేచి నిలబడితే, రాష్ట్రం తన పావు వాటా ఇవ్వలేదని కేంద్రం, కేంద్రమే చూసుకోవాలని రాష్ట్రం. వంతెన పూర్తయ్యాకే కోటిపల్లి లైనుకు విలువంటారు కొందరు. అందాకా ఉన్న 45 కిలోమీటర్లూ తుప్పుపట్టాలా?

రైలు పోతే పోయింది, ముందున్న దారేమైనా మిగిల్చామా? 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక ధవళేశ్వరం కింద కాలువలన్నీ దారులే. రాదారి పడవలు రాత్రి బయల్దేరి తెల్లారేసరికి జనాన్ని వేరే ఊళ్లో దింపేవి. ధాన్యం బస్తాలు పడవల మీదే కాకినాడ చేరేవి. ఇప్పుడా లాకుల దగ్గరికి వెళ్లి చూడండి. తలుపుల సందుల్లో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, కోళ్ల వ్యర్థాలు. గట్టు మీద గుడిసె వేసుకున్నవాణ్ణి ఆక్రమణదారంటూ తరిమే అధికారులు, ఊరి మురుగంతా ఆ కాలువలోకే వదిలే మునిసిపాలిటీల జోలికి పోరు. ఆ నీళ్లే దిగువ లంకల్లో చెరువులు నింపుకుని తాగుతున్నారు. ఇదేం న్యాయం?

మన ఎంపీలను నేనడిగేది పెద్ద కోరికేం కాదు. శివరాత్రికి కోటిపల్లి తీర్థం. లక్షల జనం వస్తారు. ఈలోగా పట్టాల మీద తుప్పలు కొట్టించండి. రెండు పెట్టెల డెము బండిని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తిప్పండి, పది రూపాయల టికెట్టుతో. వంతెన సంగతి పార్లమెంటులో ఎన్నాళ్లు అడిగినా పర్లేదు. ఈ బండికి మాత్రం తేదీ చెప్పండి.